కోర్సు ఫారంలో పోలీసు కేసు ప్రశ్న వస్తే ఏం రాయాలి?

మగ్గం గుంటలో కూర్చున్న తండ్రి, బెల్లం మండీలో లెక్కలు రాసే తండ్రి, తోపుడు బండి మీద పండ్లమ్మే తల్లి - వీళ్ళ పిల్లలు ఇప్పుడు నర్సింగు, బి.ఎడ్., ఇంజనీరింగు, లా కోర్సుల్లో చేరుతున్నారు. ఫీజు రీయింబర్స్‌మెంటు గురించి, బీసీ-ఇ సర్టిఫికెట్ గురించి ప్రతి ఇంట్లోనూ తెలుసు. కానీ ఫారం చివరి పేజీలోనో, ఉద్యోగం వచ్చాక నింపే అటెస్టేషన్ ఫారంలోనో ఉండే ఒక ప్రశ్న గురించి ఎవరూ ముందుగా మాట్లాడుకోరు. మీ మీద ఎప్పుడైనా క్రిమినల్ కేసు నమోదైందా? అరెస్టయ్యారా? కోర్టు జరిమానా వేసిందా? ఆ గడి దగ్గరికి వచ్చేసరికి పిల్లవాడి పెన్ను ఆగిపోతుంది. పక్కనున్న స్నేహితుడు 'లేదు అని రాసెయ్' అంటాడు. ఈ పాఠం ఆ గడి గురించే.

మన దేశంలో కాలేజీ అడ్మిషన్ సమయంలో పోలీసు తనిఖీ అన్ని కోర్సులకూ ఉన్న పద్ధతి కాదు. ఇంజనీరింగులోనో, డిగ్రీలోనో చేరేటప్పుడు అడిగేది టీసీ, పాత కాలేజీ ప్రిన్సిపాల్ ఇచ్చే కాండక్ట్ సర్టిఫికెట్, ర్యాగింగ్ చేయనని విద్యార్థి, తల్లిదండ్రులు ఇచ్చే అఫిడవిట్. కాండక్ట్ సర్టిఫికెట్ పోలీసులది కాదు, కాలేజీది. ర్యాగింగ్ అఫిడవిట్‌ను మాత్రం తేలిగ్గా తీసుకోకండి. అది 2009 నాటి యూజీసీ నిబంధనల నుంచి వచ్చింది. అంతకు ముందే మన రాష్ట్రంలో 1997లో ర్యాగింగ్ నిషేధ చట్టం వచ్చింది. ఆ చట్టం కింద ఆరు నెలలకు మించి జైలు శిక్ష పడితే ఆ విద్యార్థిని వేరే ఏ విద్యాసంస్థలోనూ చేర్చుకోరు. సీనియర్లు సరదా అనుకునే పని ఒక్కటి చాలు, చదువు మొత్తానికీ తలుపులు మూసుకుపోవడానికి.

లా కోర్సు సంగతి వేరు. 2024 సెప్టెంబరు 24న బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా దేశంలోని లా కాలేజీలన్నిటికీ ఒక సర్క్యులర్ పంపింది. విద్యార్థి తన మీద నడుస్తున్న ఎఫ్‌ఐఆర్, క్రిమినల్ కేసు, పడిన శిక్ష, చివరికి నిర్దోషిగా విడుదలైన కేసు కూడా తెలియజేయాలని అందులో ఉంది. దాచితే ఫైనల్ మార్కుల జాబితా, డిగ్రీ ఆపడం దాకా చర్య ఉంటుంది. కేసు ఉన్నట్లు తెలిస్తే కాలేజీ బార్ కౌన్సిల్‌కు రాసి, అక్కడి నిర్ణయం వచ్చాకే డిగ్రీ ఇవ్వాలి. లాసెట్ రాసి మూడేళ్ళ లాలోనో, ఐదేళ్ళ లాలోనో చేరిన మన పిల్లలకూ ఇది వర్తిస్తుంది. నిర్దోషి అని కోర్టు తేల్చిన కేసును కూడా అడగడం నాకు సబబుగా తోచదు. కానీ అడిగారు కాబట్టి రాయాల్సిందే. రాసినంత మాత్రాన డిగ్రీ పోదు. న్యాయవాదిగా నమోదు కాకుండా ఆపేది అడ్వొకేట్స్ చట్టం 24-ఎ సెక్షన్. అది నైతిక పతనంతో కూడిన నేరంలో శిక్ష పడినవారి గురించి చెబుతుంది. ఆ అనర్హత కూడా విడుదలైన రెండేళ్ళకు తీరిపోతుంది. కేసు ఉండటం వేరు, శిక్ష పడటం వేరు.

ఆ తేడానే మనవాళ్ళు చాలామంది కలిపేస్తారు. కొంచెం నిదానంగా చూద్దాం.

ఎవరో ఫిర్యాదు చేస్తే స్టేషన్‌లో నమోదయ్యేది ఎఫ్‌ఐఆర్. అది ఆరోపణ మాత్రమే. దర్యాప్తు చేసి పోలీసులు కోర్టులో వేసేది ఛార్జిషీటు. అప్పటికీ అది ఆరోపణే. కోర్టు విచారించి నేరం రుజువైందని చెప్పినప్పుడే శిక్ష. ఎఫ్‌ఐఆర్‌లో పేరుండి ఛార్జిషీటులో తీసేసి ఉండవచ్చు, అదీ తెలుసుకోవాలి.

ఇక అసలు చిక్కు. పేకాటలో పట్టుబడ్డారు, తాగి బండి నడిపారు, బస్టాండు దగ్గర గొడవ పడ్డారు. పోలీసులు కోర్టుకు పంపారు. అక్కడ 'తప్పు ఒప్పుకుంటే జరిమానా కట్టి వెళ్ళిపోవచ్చు' అని ఎవరో చెప్పారు. కట్టి వచ్చేశారు. ఇంట్లో అందరూ కేసు పోయింది అనుకున్నారు. పోలేదు. కోర్టులో నేరం ఒప్పుకుని జరిమానా కట్టడమంటే చట్టం లెక్కలో శిక్ష పడినట్లే. రోడ్డు మీద హెల్మెట్ లేదని వచ్చిన ఈ-చలానాకు డబ్బు కట్టడం వేరు, మెజిస్ట్రేటు ముందు నిలబడి ఒప్పుకుని కట్టడం వేరు. పది నిమిషాల్లో అయిపోతుందని కొడుకు చేత ఒప్పించే తండ్రికి ఆ రోజు ఈ సంగతి చెప్పేవారు ఉండరు. చదువుకునే పిల్లవాడైతే ఒప్పుకునే ముందు ఒక న్యాయవాదిని అడగండి. ఇరవై ఒక్క ఏళ్ళ లోపు వారికి, యావజ్జీవం పడేంత నేరం కాకపోతే, జైలు శిక్షకు బదులు 1958 నాటి ప్రొబేషన్ చట్టం కింద మందలించో, మంచి నడవడి బాండు మీదో వదిలిపెట్టే వీలును కోర్టు తప్పక పరిశీలించాలి. ఆ చట్టం 12వ సెక్షన్ ప్రకారం అలా వదిలిపెట్టినవారికి ఆ శిక్ష వల్ల వచ్చే అనర్హత అంటదు. ఇందాక చెప్పిన 24-ఎ సెక్షన్ కూడా వీరికి వర్తించదు. మంచి వకీలు ఈ మాట కోర్టులో తప్పక అడుగుతారు. అడగకపోతే మీరే గుర్తు చేయండి.

దెబ్బలాట, దారికి అడ్డుపడటం, బెదిరింపు వంటి చిన్న సెక్షన్లలో ఇరుపక్షాలూ లోక్ అదాలత్‌లో రాజీ పడవచ్చు. చట్టప్రకారం రాజీ కుదిరిన కేసు నిర్దోషిగా విడుదలైనట్లే లెక్క. రాజీకి చట్టం ఒప్పుకోని సెక్షన్ అయితే హైకోర్టులో కొట్టివేయించుకోవాలి. ఊరి పెద్దల ముందు చేతులు కలిపి కాగితం రాసుకుంటే కోర్టులో కేసు అలాగే నడుస్తుంటుంది, వాయిదాకు వెళ్ళకపోతే వారంటూ వస్తుంది.

ఎన్నికల ముందు తహసీల్దారు దగ్గర బైండోవర్ చేస్తారు కదా, అది శిక్ష కాదు. కానీ కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల అటెస్టేషన్ ఫారంలో అరెస్టు, నిర్బంధం, బైండోవర్, జరిమానా, శిక్ష, పరీక్షల నుంచి డిబార్ - ఇవన్నీ విడివిడిగా అడుగుతారు. కాబట్టి ప్రశ్నను అక్షరం అక్షరం చదవాలి. 'శిక్ష పడిందా' అని మాత్రమే అడిగితే పెండింగు కేసు ఉన్నవారు 'లేదు' అని రాయడం అబద్ధం కాదు. 'కేసు ఉందా' అని అడిగితే అదే జవాబు అబద్ధమవుతుంది.

దీని మీద సుప్రీంకోర్టు తీర్పుల్లో ముఖ్యమైనది 2016 జూలై 21 నాటి అవతార్ సింగ్ కేసు. ముగ్గురు న్యాయమూర్తుల బెంచి చెప్పినదాని సారం ఇది. అడిగిన సమాచారం నిజంగా ఇవ్వాలి. కుర్రతనంలో నినాదాలు చేయడం లాంటి చిన్న కేసును దాచినా, సందర్భాన్ని బట్టి యజమాని క్షమించవచ్చు. నిజం చెప్పినా ఉద్యోగం తప్పనిసరిగా ఇవ్వాలని లేదు, పూర్వాపరాలు చూసే హక్కు వారికుంది. ఫారంలో స్పష్టంగా అడగని విషయం చెప్పలేదని మాత్రం తప్పు పట్టకూడదు. ఇవి ఉద్యోగాల గురించిన మాటలు. అయినా కాలేజీ ఫారం నింపే పిల్లలకూ ఇంతకన్నా మంచి దారి దీపం లేదు.

అంతకు ముందు 2011లో ఢిల్లీ పోలీసు ఉద్యోగానికి వచ్చిన సందీప్ కుమార్ అనే అభ్యర్థి కేసులో ఇదే కోర్టు మెత్తగా చూసింది. అతనికి సుమారు ఇరవై ఏళ్ళున్నప్పుడు జరిగిన గొడవ, రాజీతో ముగిసింది, దరఖాస్తులో రాయలేదు. వయసులో చేసిన పొరపాటును జీవితాంతం మోయించకూడదని కోర్టు భావించింది. మరో తీర్పు మన పిల్లలు ప్రత్యేకంగా గుర్తు పెట్టుకోవలసినది. మహారాష్ట్రకు చెందిన మహమ్మద్ ఇమ్రాన్ సివిల్ జడ్జి పరీక్షలో నెగ్గారు. తన మీద ఒకప్పుడు కేసు నడిచిందనీ, నిర్దోషిగా విడుదలయ్యాననీ తానే చెప్పారు. అయినా నియామకం రద్దు చేశారు. కేసు ఎదుర్కొన్న మరొకరికి మాత్రం అవకాశం ఇచ్చారు. 2018లో సుప్రీంకోర్టు ఆయన అర్హతను మళ్ళీ పరిశీలించమని ఆదేశించింది. ఆయన చెప్పిన నిజమే కోర్టులో ఆయనకు బలమైంది.

పెళ్ళిళ్ళు బెడిసినప్పుడు పెట్టే కేసుల్లో చదువుకునే తమ్ముడి పేరు, చెల్లెలి పేరు ఎ-4, ఎ-5గా చేరడం మామూలే. అన్న కాపురం చెడితే అనంతపురంలో హాస్టల్లో ఉండి చదివే పిల్లకు కేసు చుట్టుకుంటుంది. 2022లో బీహార్‌కు చెందిన కహ్‌కషాన్ కౌసర్ కేసులో, అత్తింటివారందరి మీదా పొడి పొడిగా, సాధారణంగా చేసిన ఆరోపణలతో విచారణ జరపకూడదని సుప్రీంకోర్టు చెప్పి వారి మీద కేసు కొట్టివేసింది. అలాంటి పరిస్థితిలో ఉన్న పిల్లలు వాయిదాలు తిరుగుతూ కూర్చోకుండా ముందుగానే హైకోర్టు దారి చూసుకోవడం మంచిది.

పద్దెనిమిదేళ్ళ లోపు జరిగిన సంగతికి చట్టం వేరే తలుపు తెరిచింది. 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం 24వ సెక్షన్ ప్రకారం బాలల కేసులో వచ్చిన తీర్పు వల్ల ఏ అనర్హతా ఉండదు. పదహారు దాటి ఘోర నేరంలో పెద్దవారిలా విచారణ ఎదుర్కొన్నవారికి మాత్రం ఇది వర్తించదు. 74వ సెక్షన్ ప్రకారం ముగిసిన కేసు వివరాలను క్యారెక్టర్ సర్టిఫికెట్ కోసం పోలీసులు బయటపెట్టకూడదు. అందుకని పిల్లవాడి వయసు సరిగా నమోదు కావడం చాలా ముఖ్యం. స్టేషన్‌లో అడిగినప్పుడు భయంతోనో, అంచనాగానో 'పందొమ్మిది' అని రాయిస్తారు. టెన్త్ సర్టిఫికెట్‌లో చూస్తే ఘటన రోజుకు పదిహేడు! వయసు తేల్చడానికి చట్టం ముందుగా చూసేది బడి సర్టిఫికెట్, మెట్రిక్యులేషన్ సర్టిఫికెట్‌లే. ఈ అభ్యంతరం కేసు ఏ దశలోనైనా, తీర్పు వచ్చాక కూడా లేవనెత్తవచ్చు.

ఇక మన ప్రాంతానికే ప్రత్యేకమైన చిక్కు ఒకటి. పెనుకొండ బాబయ్య దర్గా మీద భక్తితో ఇక్కడ ఎన్ని ఇళ్ళలో బాబా ఫక్రుద్దీన్ ఉన్నారో లెక్క లేదు. ముందు షేక్ చేరిస్తే ఒకే పేరుతో హిందూపురంలో ఒకరు, ధర్మవరంలో ఇద్దరు, పెనుకొండలో ముగ్గురు తేలతారు. కోర్టు కేసులు ఇప్పుడు ఈ-కోర్ట్స్ వెబ్‌సైట్‌లో పేరు కొట్టి ఎవరైనా చూడవచ్చు. కంపెనీల తరఫున తనిఖీ చేసే ఏజెన్సీలు చేసేదీ అదే. ఎవరి కేసో మన పిల్లవాడి ఖాతాలో పడే ప్రమాదం ఉంది. టెన్త్‌లో ఎస్. బాబా ఫక్రుద్దీన్, ఆధార్‌లో షేక్ బాబా, ఓటరు కార్డులో బాబు అని ఉంటే మరీ కష్టం. కోర్సులో చేరకముందే పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ అన్నిట్లో ఒకేలా చేయించుకోండి. ఎవరైనా మీది కాని కేసు చూపిస్తే వాదనకు దిగకండి. ఆ కేసు నంబరు, నిందితుడి తండ్రి పేరు, వయసు, చిరునామా ఉన్న ఛార్జిషీటు నకలు కోర్టు నుంచి తెప్పించి మీ కాగితాల పక్కన పెట్టండి. అదే గట్టి జవాబు.

విదేశాల్లో చదవాలనుకునేవారికి మొదటి గడప పాస్‌పోర్టు. కోర్టులో క్రిమినల్ కేసు పెండింగులో ఉంటే పాస్‌పోర్టు నిరాకరించే అధికారం 1967 చట్టంలో ఉంది. దానికి మినహాయింపు 1993 నాటి నోటిఫికేషన్ ఇచ్చింది. కేసు నడుస్తున్న కోర్టు అనుమతిస్తే అది చెప్పినంత కాలానికి, కాలం చెప్పకపోతే ఏడాదికి పాస్‌పోర్టు ఇస్తారు. అందుకని కోర్టులో అనుమతి అడిగేటప్పుడు కోర్సు ఎన్నేళ్ళో చెప్పి అంత కాలానికి ఉత్తర్వు కోరాలి. ఇంగ్లండ్, వేల్స్‌లలో నర్సింగు, టీచింగు, సోషల్ వర్క్ కోర్సుల్లో చేరేవారికి డీబీఎస్ అనే ప్రభుత్వ సంస్థ ద్వారా నేర చరిత్ర తనిఖీ తప్పనిసరి. రోగుల మధ్య, పిల్లల మధ్య పనిచేసే చదువులు కాబట్టి అది అర్థమయ్యే విషయమే. బయటి దేశం నుంచి వెళ్ళినవారిని సొంత దేశపు పోలీసు క్లియరెన్స్ సర్టిఫికెట్ కూడా అడుగుతారు, దానికి ఇక్కడి పాస్‌పోర్టు కార్యాలయంలో దరఖాస్తు చేసుకోవాలి. అమెరికాలో గాలి కొంచెం మరోవైపు వీచింది. చాలా కాలేజీలకు కలిపి ఒకే దరఖాస్తుగా ఉండే కామన్ అప్లికేషన్ 2019 నుంచి తన ఉమ్మడి ఫారంలో నేర చరిత్ర ప్రశ్నను తీసేసింది. కావాలంటే ఏ కాలేజీకా కాలేజీ విడిగా అడుగుతుంది.

కేసు ఎదుర్కొన్న పిల్లలున్న ఇళ్ళలో ఒక ఫైలు తప్పక ఉండాలి. అందులో ఎఫ్‌ఐఆర్ నకలు, ఛార్జిషీటు, తీర్పు లేదా లోక్ అదాలత్ అవార్డు సర్టిఫైడ్ కాపీ, జరిమానా కట్టి ఉంటే రసీదు పెట్టండి. చాలా ఎఫ్‌ఐఆర్‌లు పోలీసు వెబ్‌సైట్‌లోనే దొరుకుతాయి, ఎందుకంటే వాటిని 24 గంటల్లో పెట్టాలని సుప్రీంకోర్టు 2016లో ఆదేశించింది. సున్నితమైన కేసులు మాత్రం అక్కడ కనిపించవు. తీర్పు కాపీ కోసం కేసు నడిచిన కోర్టులోనే కాపీ దరఖాస్తు వేయాలి. పాత రికార్డు వెతకడానికి రోజులు పడుతుంది కాబట్టి కౌన్సెలింగు తేదీ వచ్చాక పరుగెత్తవద్దు. ఫారంలో గడి చిన్నదైతే 'జతపరిచిన కాగితం చూడండి' అని రాసి, కేసు నంబరు, కోర్టు, సెక్షన్లు, ఏమైందో నాలుగు వాక్యాల్లో విడి కాగితం మీద రాసి సంతకం చేసి ఇవ్వండి. ఇచ్చిన కాగితానికి మీ దగ్గర ఒక నకలు, దాని మీద కాలేజీ ముద్ర ఉండాలి. వకీలుకు ఫీజు ఇచ్చుకోలేనివారికి న్యాయ సేవల చట్టం ఉంది. మహిళలకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు, దివ్యాంగులకు, కస్టడీలో ఉన్నవారికి ఆదాయంతో పని లేకుండా, మిగిలినవారికి ఆదాయ పరిమితిని బట్టి ఉచితంగా న్యాయవాదిని ఇస్తారు. మీ ఊరి కోర్టు ఆవరణలోని మండల న్యాయ సేవల కమిటీలో అడగవచ్చు, లేదా 15100కు ఫోన్ చేయవచ్చు.