కనుమ పాఠం: కంటికి దూరంగా ఉన్న పశువు



కనుమ పశువుల పండుగ. ఆ రోజు ఊళ్లో పశువులను కడిగి, కొమ్ములకు రంగులు వేసి, మెడలో గంటలు, పూలదండలు కట్టి పొంగలి తినిపిస్తాం. అక్కడ ఆవు మన దొడ్లోనే ఉండేది. తెల్లవారి లేవగానే ఇంట్లో ఎవరో ఒకరు దాని ముఖం చూసేవారు. ఇక్కడ హ్యూస్టన్ పరిసరాల్లో మనం ఒకచోట, కొన్న నేల గంటన్నర డ్రైవు దూరంలో మరొకచోట. ఇటీవల మనవాళ్లు చాలామంది అలాంటి నేలలో ఆవులను పెంచాలని అడుగుతున్నారు. వారికోసమే ఈ పాఠం.

ఈ నేలకు మన ఆవు కొత్త కాదు

టెక్సాస్ పొలాల్లో మూపురం, వేలాడే గంగడోలు ఉన్న బ్రాహ్మన్ జాతి పశువులను మీరు చూసే ఉంటారు. భారతదేశం నుంచి వచ్చిన పలు జాతులను కలిపి ఇక్కడివారు దాన్ని తయారుచేశారు. వాటిలో నెల్లూరు పేరుతో వచ్చిన మన ఒంగోలు రక్తమూ ఉంది. కనుక ఇక్కడి ఎండను అది మనకన్నా బాగా ఓర్చుకుంటుంది. చిక్కంతా మన దూరంతోనే.

మా అనుభవం

మేము నాలుగు కుటుంబాల వాళ్లం కలిసి పన్నెండు ఎకరాలు కొని, మూడు ఆవులను ఉంచాం. ప్రతి శనివారం పిల్లలతో వెళ్లేవాళ్లం. నీటి తొట్టికి ఫ్లోట్ వాల్వు ఉంది, పచ్చిక ఉంది, ఇంకేం కావాలి అనుకున్నాం. ఒక ఆగస్టు నెలలో ఆదివారం మేము తిరిగివచ్చాక ఆ వాల్వు బిగుసుకుపోయింది. తొట్టి ఎండిపోయింది. బుధవారం నాడు పక్క పొలం పెద్దాయన ఆవుల అరుపులు విని, ట్రక్కులో నీళ్లు తెచ్చి మాకు ఫోను చేశాడు. దాహంతో ఎండిన పశువుకు ఒక్కసారిగా కడుపునిండా నీళ్లు వదలకూడదని, కొద్దికొద్దిగా పెట్టాలని అప్పుడే తెలిసింది. రెండు ఆవులు కోలుకున్నాయి. తొలిచూలుతో ఉన్నది దక్కలేదు. ఆయన మమ్మల్ని ఏమీ తిట్టలేదు. "బుధవారాలు కూడా ఎవరో ఒకరు రావాలి" అన్నాడు, అంతే. దూరపు కొండలు నునుపు అని ఊరికే అనలేదు పెద్దలు.

తెలుసుకోవలసినవి

1. నీరు: వెయ్యి పౌండ్ల ఆవు మండు వేసవిలో రోజుకు సుమారు 20 గాలన్లు తాగుతుంది. ఒక తొట్టి మీదే ఆధారపడకండి, రెండోది ఉండాలి.

2. మేత: అదే ఆవుకు రోజుకు 20 నుంచి 25 పౌండ్ల ఎండుమేత కావాలి. చలికాలానికి సరిపడా ఎండుగడ్డి ముందే కొనిపెట్టుకోవాలి. వానలు బాగా పడే తూర్పు భాగంలో కొన్ని ఎకరాలు ఒక ఆవుకు చాలవచ్చు. పడమటి ఎండు నేలల్లో పాతిక ఎకరాలు కూడా చాలకపోవచ్చు.

3. విషపు మొక్కలు: పూజకు పనికొస్తుందని కంచె పక్కన గన్నేరు నాటకండి. కొద్ది ఆకులు తిన్నా ఆవు చనిపోతుంది. మంచు పడి వాడిన జాన్సన్ గడ్డి కూడా ప్రమాదమే.

4. ఈత: ఉమ్మనీటి సంచి కనబడ్డాక తొలిచూలు ఆవు గంటలో ముందుకు సాగకపోతే పశువైద్యుడిని పిలవాలి. పుట్టిన దూడ మొదటి కొద్ది గంటల్లోనే జున్నుపాలు తాగాలి. ఇది శనివారం దాకా ఆగే పని కాదు.

5. గాయాలు: బతికున్న కండను తినే స్క్రూవార్మ్ పురుగును అమెరికా గత శతాబ్దంలో నిర్మూలించింది. 2024 నవంబరులో అది మళ్లీ దక్షిణ మెక్సికోలో కనబడింది. 2025లో అమెరికా అక్కడినుంచి పశువుల దిగుమతిని ఆపింది. కనుక చిన్న గాయాన్ని, దూడ బొడ్డును కూడా జాగ్రత్తగా చూడాలి.

6. పన్ను: మనవాళ్లు 'ఆగ్ ఎగ్జెంప్షన్' అనేది నిజానికి మినహాయింపు కాదు. నేలకు మార్కెట్ ధర బదులు సాగు విలువను బట్టి పన్ను వేయడం. గత ఏడేళ్లలో అయిదేళ్లు సాగులో ఉండాలి, ఆ ప్రాంతపు వాడుకకు తగినంతగా ఉండాలి. తర్వాత వాడకం మారిస్తే మూడేళ్ల తేడా పన్ను కట్టాలి. కేవలం పన్ను కోసం ప్రాణాన్ని కంచెలో పెట్టడం ధర్మం కాదు.

అడగడానికి ఇబ్బందిపడే ప్రశ్న

ఆవు పాలివ్వాలంటే ఈనాలి. పుట్టే దూడల్లో సగం కోడెదూడలే. ఇక్కడ దుక్కి లేదు, బండి లేదు. వేలానికి పంపితే ఆ దూడ ఎటు పోతుందో మనకు తెలుసు. ఆవు ఇరవై ఏళ్లు బతకవచ్చు, పాలిచ్చేది అందులో కొంతకాలమే. కోడెను, ముసలి ఆవును కడదాకా సాకే స్థోమత లేకపోతే ఆవును చూలు కట్టించవద్దు. మా మిగిలిన రెండు ఆవులు ఇప్పుడు పాలివ్వవు. అయినా మాతోనే ఉన్నాయి.

ఇప్పుడు మేమేం చేస్తున్నాం

ఆ పెద్దాయనకే నెలకు ఇంత అని ఇచ్చి రోజూ ఒకసారి చూడమన్నాం. నాలుగు కుటుంబాలూ వారంలో వంతులు వేసుకున్నాం. పశువైద్యుడి నంబరు గేటుకు రాసిపెట్టాం. కంచె ప్రతి నెలా తిరిగి చూస్తున్నాం, రోడ్డెక్కిన ఆవు దానికీ, కారులో వచ్చేవారికీ ముప్పే.

ఇంటిల్లిపాదీ ఆలోచించండి

మనం ఊళ్లో లేని రోజున మన పశువు ముఖం ఎవరు చూస్తారు? కోడెదూడ పుడితే ఏం చేస్తాం? మన పిల్లలు కాలేజీకి వెళ్లాక కూడా దీన్ని సాకగలమా? ఈ మూడింటికీ జవాబు ఉంటే నిశ్చింతగా ఆవును తెచ్చుకోండి. లేకపోతే, ఇప్పటికే బాగా సాకుతున్నవారికి ఒక బండి ఎండుగడ్డి కొనివ్వండి. అదీ కనుమే.

శుభం.