పాఠము చెప్పు తెర, పలుకు వినెడి చెవి

పల్లె బడికి తెరమీది పాఠము నిన్న మొన్నటిది కాదు. 1975 ఆగస్టు 1 నుండి 1976 జూలై 31 వరకు, అమెరికా వారి ఏటీఎస్-6 ఉపగ్రహము మూలమున, మన దేశమున 6 రాష్ట్రములలోని 2,400 గ్రామములకు టెలివిజన్ కార్యక్రమములు అందినవి. నాటి ఆంధ్రప్రదేశ్ అందులో ఒకటి. ఉదయము బడిపిల్లల కొరకు గంటన్నర ప్రసారము. హిందీ, ఒడియా, తెలుగు, కన్నడములకు తలా 22½ నిమిషములు. అది ముగిసిన పిమ్మట పిల్లలను ప్రశ్నింపవలసినవాడు ఉపాధ్యాయుడే. పెట్టె చెప్పగలదు గాని వినలేదు గదా!

2020లో కరోనా వలన బడులు మూతపడగా, సెప్టెంబరు 1 నుండి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ద్వారా తెలంగాణ పిల్లలకు పాఠములు ప్రసారమైనవి. మా తెలకపల్లి ప్రాంతమున పెక్కు ఇండ్లలో ఉన్నది ఒక్కటే ఫోను. అది తండ్రి వెంట పత్తిచేనికి పోవును. టెలివిజనే దిక్కైనది. ఆ పాఠములే లేకున్న ఎందరో పిల్లలు పుస్తకము ముఖము చూచి యుండరు. ఆ మేలు మరువరాదు. 2021 ఫిబ్రవరి 1న తొమ్మిది, పది తరగతులు తెరచినప్పుడు ఒక బాలుడు పద్యభావమును చక్కగా చెప్పినాడు. పద్యము చదువుమనగా సంయుక్తాక్షరము వచ్చినచోటనెల్ల ఆగిపోయినాడు. నెలల తరబడి విన్నాడే గాని ఒక్కనాడును నోరు విప్పలేదు.

2022 మార్చి 8న వనపర్తిలో ఆరంభమైన ‘మన ఊరు – మన బడి’ పనులలో డిజిటల్ తరగతి గదులును చేరినవి. తెర వచ్చుట మంచిదే. అలంపురము చూడని పిల్లలకు నవబ్రహ్మాలయముల శిల్పమును గదిలోనే చూపగలుగుచున్నాను. నల్లబల్ల మీద నేను గీసిన గోపురము ఏనాడును గోపురమువలె లేదు.

నాకు దిగులు కలిగించినది మరొకటి. ఒక విద్యార్థి ఫోనులో నోటితో చెప్పి వ్యాసము వ్రాయించి తెచ్చినాడు. తప్పులు లేవు. బిగ్గరగా చదివించితిని. ‘విద్యార్థి’ని ‘ఇద్యార్తి’ అన్నాడు. దిద్దబోగా, “ఫోను మంచిగనే రాసింది గద సార్!” అన్నాడు. నిజమే. యంత్రము తాను వినిన ధ్వనికి దగ్గరగా నుండి, జనులు ఎక్కువగా వాడు మాటను ఎంచి వ్రాయును. దాని పని అది చేసినది. కాని బాలుని తప్పు కాగితము మీదికి రాలేదు. రాని తప్పును నేనెట్లు దిద్దుదును?

కల్యాణమునందలి అనుభవమంటపమున అల్లమప్రభువు ప్రశ్నించి ఊరకుండలేదు, శరణుల సమాధానమును విని మరల ప్రశ్నించెను. బోధలో ఆ రెండవ ప్రశ్నయే కీలకము. ఎదుటివాని పలుకు వినక అది పుట్టదు.

కావున తల్లిదండ్రులకు, విద్యార్థులకు ఆశ్రయమిచ్చు మఠముల వారికి నా మనవి: సాయంకాలము పావుగంట పిల్లలచేత బిగ్గరగా చదివించుడు. చదువురాని తల్లియైనను బిడ్డ ఎచ్చట తడబడెనో పట్టగలదు. ఆ బాలునికి నేను విధించినదియు ఇదే. రెండవనాడు వాని నాయనమ్మ నడుమ ఆపి, “అంటే ఏంది బిడ్డా?” అని అడిగినదట. ఆ మాటకు అర్థము తనకు తెలియదని వానికి అప్పుడు తెలిసినది. తెల్లవారి ప్రార్థనకు ముందే వచ్చి నన్ను అడిగినాడు.