కుట్టుకూలి వాపసిస్తే సరిపోదు

ధర్మవరం చేనేత పట్టుకు భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు ఆ నమోదులో చీరలతో పాటు పావడాల పేరూ చేరింది. పెళ్లికూతురి పట్టు పావడా గానీ లెహంగా గానీ రిసెప్షన్‌కు కాస్త పొట్టి చేయించాలన్నా, అక్క కట్టుకున్నది చెల్లెలి ఎత్తుకు తగ్గించాలన్నా టైలర్ చేతికే ఇవ్వాలి. చూడటానికి చిన్న పనే, కానీ తేడా వస్తే సరిదిద్దలేని పని కూడా ఇదే. వదులైన నడుము బిగించవచ్చు, వంకర కుట్టు విప్పి మళ్లీ వేయవచ్చు. అంచుతో సహా కత్తిరించిన పట్టు మాత్రం తిరిగి రాదు. అలా జరిగినప్పుడు చాలా తగువులు 'మీ కూలి డబ్బులు మీకిచ్చేస్తాం' అనే మాటతో ముగిసిపోతాయి. చట్టం అంతటితో ముగించదు. టైలర్ బాధ్యత తీసుకున్న కూలి వరకే కాదు, పాడైన బట్ట విలువ వరకూ ఉంటుంది.

దీనికి ఆధారం 1872 నాటి భారత ఒప్పందాల చట్టంలోనే ఉంది. ఒక పని కోసం వస్తువును ఇంకొకరికి అప్పగించి, పని అయ్యాక తిరిగి తీసుకునే ఏర్పాటును 148వ సెక్షన్ గుర్తిస్తుంది. బట్ట టైలర్ దగ్గరున్నా యజమాని మీరే. సాధారణ వివేకం ఉన్న మనిషి అంతే నాణ్యత, అంతే విలువ గల తన సొంత వస్తువును ఎంత జాగ్రత్తగా చూసుకుంటాడో, అప్పగించిన వస్తువునూ అంత జాగ్రత్తగా చూడాలని 151వ సెక్షన్ చెబుతుంది. ఇందులో 'విలువ' అన్న మాట ముఖ్యం. నూలు లంగాకు చాలిన జాగ్రత్త జరీ పట్టుకు చాలదు. కింది అంచు పోకుండా నడుము దగ్గర తగ్గించాల్సిన పావడాను అడుగున కత్తిరిస్తే, అది ఆ జాగ్రత్త లోపించడమే. పెళ్లి తేదీ ముందే చెప్పి, గడువే ఈ ఒప్పందానికి ప్రాణమని ఇద్దరూ అనుకున్నప్పుడు, ఆ తేదీ దాటితే ఒప్పందం రద్దు చేసుకునే హక్కు 55వ సెక్షన్ ఇస్తుంది.

పరిహారం రాబట్టుకునే దారి వినియోగదారుల రక్షణ చట్టం, 2019 చూపిస్తుంది. డబ్బు తీసుకుని చేసే కుట్టుపని ఆ చట్టం దృష్టిలో సేవ. అందులో లోపం జరిగితే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయలు దాటకపోతే ఫిర్యాదుకు రుసుము లేదు. గడువు రెండేళ్లు. ఫిర్యాదుదారు నివసించే చోటే కేసు వేసే వీలు 34వ సెక్షన్ ఇచ్చింది కాబట్టి, బెంగళూరు బొటిక్‌లో పాడైన లెహంగా కోసం హిందూపురం అమ్మాయి బెంగళూరు కమిషన్ చుట్టూ తిరగనక్కర్లేదు. ఇవి కాగితం మీది హక్కులు మాత్రమే కావు. పెళ్లికి వేసుకోవాల్సిన జాకెట్టును సమయానికి ఇవ్వని టైలర్, తీసుకున్న 4,395 రూపాయలను 7 శాతం వడ్డీతో వాపసు ఇవ్వాలని, పైన పరిహారంగా 7,000 రూపాయలు చెల్లించాలని అహ్మదాబాద్ వినియోగదారుల కమిషన్ 2025లో ఆదేశించింది.

'బట్టకు మా బాధ్యత లేదు' అని బిల్లు మీదే అచ్చువేశాం కదా అని దుకాణదారు అనవచ్చు. 1960లలో మద్రాసు హైకోర్టు ముందుకు ఇలాంటి వాదనే వచ్చింది. లిల్లీ వైట్ అనే లాండ్రీ, తనకిచ్చిన చీర పోతే వెలలో సగమే ఇస్తానని రసీదు మీద రాసుకుంది. అలాంటి షరతు నిర్లక్ష్యాన్ని ప్రోత్సహిస్తుందని, ప్రజాహితానికి విరుద్ధమని కోర్టు దాన్ని తోసిపుచ్చింది. అయితే 1996లో ఒక కొరియర్ కేసులో, సంతకం చేసిన షరతు పార్టీలను కట్టిపడేస్తుందని సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి చేతిలో పెట్టిన రసీదుకు భయపడక్కర్లేదు, చదవకుండా సంతకం మాత్రం పెట్టకూడదు.

ఐదారు వందల కూలికి పనిచేసే టైలర్ నెత్తిన వేల రూపాయల భారం వేయడం న్యాయమా అన్నది ఇంకా బరువైన ప్రశ్న. చట్టం టైలర్‌నూ కాపాడుతుంది. చేసిన పనికి కూలి ముట్టేదాకా, అరువు ఒప్పుకోనంతవరకు, బట్టను తన దగ్గరే ఉంచుకునే హక్కు ఒప్పందాల చట్టం 170వ సెక్షన్ కింద ఆయనకుంది. తగిన జాగ్రత్త తీసుకున్నాక జరిగిన నష్టానికి, మీరిచ్చిన తప్పు కొలతకు ఆయన బాధ్యుడు కాడు. పదేళ్లు వాడిన పావడాకు కొత్త ధర అడగడం, దూరపు నష్టాలన్నీ లెక్కగట్టడం కూడా కుదరదు. ఆయన మీద పడేది అజాగ్రత్త వల్ల జరిగిన నష్టం ఒక్కటే. దాన్ని కూడా భరించనక్కర్లేదంటే ఆ భారం ఏ తప్పూ చేయని పెళ్లింటి మీద పడుతుంది.

తప్పు ఎవరిదో తేలాలంటే కాగితం ఉండాలి. చాలా ఫిర్యాదులు నీరుగారిపోయేది అక్కడే. వేసుకోబోయే చెప్పులతోనే పొడవు కొలిపించండి. ఎన్ని అంగుళాలు తగ్గించాలో, నడుము దగ్గరో అడుగునో, కత్తిరించాలో లోపలికి మడిచి కుట్టాలో, ఏ తేదీకి కావాలో బిల్లు మీద రాయించండి. బిల్లు ఇవ్వకపోవడం కూడా అనుచిత వ్యాపార పద్ధతే. అదే సమాచారం వాట్సాప్‌లో పంపి, ఇచ్చేముందు బట్టను ఫోటో తీసి, కొన్న రసీదు దాచండి. ఇంత రాతపూర్వకంగా ఉంటే టైలర్‌కూ మేలే; రేపు అకారణంగా నింద వేస్తే ఆ కాగితమే ఆయన్ను కాపాడుతుంది.

అయినా పాడైతే, ముందు రాతపూర్వకంగా అడగండి. 1915 నంబరులో జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ ఉంది. న్యాయసేవాధికార సంస్థల చట్టం, 1987 ప్రకారం ఆదాయంతో నిమిత్తం లేకుండా మహిళలందరూ ఉచిత న్యాయ సహాయానికి అర్హులు. ఆ సహాయం కోసం ఫోన్ చేయాల్సిన నంబరు 15100. పెనుకొండలో ఉన్నా ధర్మవరంలో ఉన్నా కూలి వాపసుతో రాజీపడేముందు ఈ రెండు నంబర్లలో ఒకదానికి ఫోన్ చేయండి.