సలహావృత్తికి రైతులను సంపాదించుట యెట్లు?

వ్యవసాయ విద్య నభ్యసించిన మన బిడ్డలలో కొందరు స్వగ్రామముననే రైతులకు సలహా చెప్పి జీవింపగోరుచున్నారు. ఇట్టివారికై కేంద్రప్రభుత్వము 2002లో అగ్రిక్లినిక్ పథకము నారంభించినది. శిక్షణభారమును హైదరాబాదులోని మేనేజ్ సంస్థ వహించినది. అయినను శిక్షణ ముగిసినంతమాత్రమున రైతులు వాకిట నిలువరు. కావున ఈ క్రింది నియమములు గమనింపదగినవి.

1. మొదట నొక్క పనినే చేపట్టవలయును. అన్నియు తెలియునను వానిని ఎవరును నమ్మరు. భూసారపరీక్ష తగిన ఆరంభము. చేనిలో పది పదిహేను చోట్ల 15 సెంటీమీటర్ల లోతున మన్ను తీసి, కలిపి, నాలుగు భాగములు చేసి, ఎదురెదురు భాగములు రెండింటిని విడువవలయును. అరకిలో మిగులువరకు అట్లే చేసి పరీక్షకు పంపవలయును.

2. ఫలితము రాగానే, ఏ యెరువు తగ్గింపవచ్చునో, దానివలన నెంత సొమ్ము మిగులునో లెక్కగట్టి చూపవలయును.

3. ఇద్దరు ముగ్గురు సొసైటీ సభ్యుల చేలలో కొంతభాగము పాతపద్ధతిని, ప్రక్కభాగము సలహాప్రకారము సాగుచేయించి, కోతనాడు పొరుగువారి యెదుట వేరువేరుగా తూచవలయును. ఆ త్రాసే మంచి ప్రకటన.

4. రుసుము స్వల్పమైనను ముందే నిర్ణయింపవలయును. ఎరువుల దుకాణమునుండి కమీషను పుచ్చుకొనరాదు. ఏలన, ఒక రైతు సందేహించెనా, ఊరెల్ల సందేహించును.

5. తెలియని తెగులును కృషి విజ్ఞాన కేంద్రమువారి నడిగియే చెప్పవలయును.

సభ్యులారా! మీ యూర నిట్టి యువకుడున్న యెడల, ఈ వేసవిలో మీ చేని మట్టి నతనికిచ్చి చూడుడు. అతడు పట్నము చేరెనేని, ఆ చదువు మన చేలకు దక్కదు.