పిల్లవాడు చెప్పని కంటిజబ్బు

కోల్‌కతా మైదానములో మధ్యాహ్నపు టెండలో ఆడుకొను పిల్లవాడొకడు మాటిమాటికి ఒక కన్ను మూసికొనుచున్నాడనుకొనుడు. పెద్దలు అల్లరియని మందలింతురు. ఇంటికి వచ్చి అలసి కూర్చున్నప్పుడు ఆ కన్నే కణతవైపునకు జరుగును. పిలువగనే తిన్నగా వచ్చును. ఇది బయటిమెల్ల. ఎండలో ఒక కన్ను మూయుట దానికి తరచుగా కనబడు గుర్తు. మెల్లకన్ను అదృష్టమను మాట నమ్మి వైద్యుని యొద్దకు పోనివారును కలరు.

కన్ను జరిగినను పిల్లవానికి వస్తువు రెండుగా కనబడదు. ఏల?

రెండు కన్నులును కొంచెము భేదముగల చిత్రములను మెదడు వెనుకభాగమునకు పంపును. మెదడు వానిని కలిపి ఒకే దృశ్యముగా చేయును. ఆ స్వల్పభేదము నుండియే లోతును గ్రహించును. సూదిలో దారమెక్కించుటకు ఇది గొప్ప సాయము. ఒక కన్ను బయటికి జరిగినచో చిత్రములు పొసగవు. పెద్దవానికైన ఒక దీపము రెండు దీపములగును. పసివాని మెదడు మాత్రము జరిగిన కంటి నుండి వచ్చు పొసగని చిత్రమును అణచివేయును. కన్ను గ్రుడ్డిది కాలేదు. వార్త వచ్చుచునే యున్నది, వినువారు లేరు. కన్ను తిన్నబడగనే రెండు చిత్రములును మరల కలియును.

ఈ ఉపాయము ఉచితముగా లభించునది కాదు. 1965లో హ్యూబెల్, వీసెల్ అను శాస్త్రజ్ఞులు పిల్లికూనలలో ఒక కంటి కండరమును కోసి, ఆ కన్ను బయటికి తిరుగునట్లు చేసి పెంచిరి. మెదడులో రెండు కన్నులకును స్పందింపవలసిన కణములలో అధికభాగము ఏదో యొక కంటికే స్పందించినవి. దృష్టిని గూర్చిన పరిశోధనలకు వారికి 1981లో నోబెల్ బహుమానము లభించెను. పిల్లలలోను కన్ను ఎల్లప్పుడు జరిగియుండినచో లోతు గ్రహించు శక్తి తగ్గవచ్చును. ఎప్పుడును ఒకే కన్ను జరిగియుండినచో దాని చూపే మందగింపవచ్చును.

నొప్పి లేదు, రెండుగా కనబడుట లేదు. కనుక పిల్లవాడు చెప్పడు, పెద్దలే కనిపెట్టవలెను. కోల్‌కతాలో 1835లో స్థాపితమైన వైద్య కళాశాల ఆవరణములోనే ప్రాంతీయ నేత్రవైద్య సంస్థ కలదు. ఇట్టి చోట్ల వైద్యులు ఒక్కొక్క కంటిని కప్పి, తీసి, కన్నుల కదలికను పరీక్షింతురు. కొందరికి కంటి అద్దములు చాలును. కొందరికి దినమునకు కొన్ని గంటలు ఒక కంటికి కట్టు కట్టుదురు. మరికొందరికి శస్త్రచికిత్స కావలెను. అందులో కనుగ్రుడ్డును బయటికి తీయుదురని భయపడుదురు. అది నిజము కాదు. గ్రుడ్డునకు వెలుపల అంటియున్న కండరముల పట్టును మాత్రమే సవరింతురు.

పెద్దవారి సంగతి వేరు. వారికి అకస్మాత్తుగా ఒకటి రెండుగా కనబడినచో ఆ దినముననే ఆసుపత్రికి పోవలెను. నరములలోనో మెదడులోనో కలిగిన జబ్బు అందుకు కారణము కావచ్చును.