హెల్త్ యాప్ డిజైనర్ కావాలంటే ముందు ఆశా కార్యకర్త వెంట నడవండి

యాప్ డిజైన్ అనగానే పెనుగంచిప్రోలు, నందిగామ, జగ్గయ్యపేట పిల్లల చూపు హైదరాబాద్ కోచింగ్ సెంటర్ల మీదికి పోతుంది. స్క్రీన్లు గీసే సాఫ్ట్‌వేర్ ఫిగ్మా నేర్చుకోవడానికి అంత దూరం వెళ్లక్కర్లేదు. కంప్యూటర్, నెట్ ఉంటే ఇంట్లోనే ఉచితంగా మొదలుపెట్టొచ్చు. ఆరోగ్య రంగంలో అసలు కష్టం వేరే ఉంది. ఒకే యాప్‌ను ఆశా కార్యకర్త, ఏఎన్‌ఎం, డాక్టరు, రోగి, ఊరికి దూరంగా ఉన్న రోగి కొడుకు వాడతారు. ఒకరికి కావాల్సింది ఇంకొకరికి అడ్డం. ఎవరికి ఏది ఎప్పుడు కావాలో కనిపెట్టడమే ఈ ఉద్యోగం. ఆ చదువుకు మండల కేంద్రం కన్నా మంచి చోటు లేదని నా గట్టి నమ్మకం.

దూరం నుంచే డాక్టరు సలహా అందించే ప్రభుత్వ సేవ ఈ-సంజీవనినే చూడండి. 2019 నవంబరులో దాన్ని దేశంలో మొదట అమలు చేసింది ఆంధ్రప్రదేశే. రోగి ఊళ్లోని ఆరోగ్య కేంద్రానికి వస్తే అక్కడి సిబ్బంది వివరాలు ఎక్కించి, దూరాన ఉన్న డాక్టరుతో వీడియోలో మాట్లాడిస్తారు. 2020 ఏప్రిల్‌లో, లాక్‌డౌన్ వేళ, రోగి ఇంటి నుంచే డాక్టరుతో మాట్లాడే పద్ధతి వచ్చింది. రెండిట్లోనూ వైద్యం ఒకటే, ఫోన్ పట్టుకున్న మనిషే వేరు. ఆరోగ్య కేంద్రంలో ఉన్నవారు శిక్షణ పొందినవారు, రోజంతా అదే పని చేస్తారు. వాళ్లకు వేగం కావాలి. ఇంట్లో ఉన్నది ఒళ్లు కాలిపోతున్న మనిషి, ఆ యాప్ తెరవడం బహుశా అదే మొదటిసారి. తర్వాత ఏం నొక్కాలో అడుగడుగునా చెప్పాలి.

అంతకుముందు 2016లో ఏఎన్‌ఎంల కోసం అన్‌మోల్ అనే యాప్ కూడా మన రాష్ట్రంలోనే మొదలైంది. గర్భిణులు, పిల్లల వివరాలు సిగ్నల్ లేనిచోట కూడా ట్యాబ్‌లో ఎక్కించి, నెట్ అందాక పైకి పంపే ఏర్పాటు అందులో ఉంది. ఇలాంటి అవసరం ఏసీ గదిలో కూర్చుంటే తట్టదు.

ఇప్పుడు మీ వీధిలోకి రండి. మిరప కోతలప్పుడు పొద్దున్నే చేలోకి వెళ్లిన ఆడమనిషికి పదకొండింటికి బీపీ మాత్ర గుర్తుచేస్తే ఏం లాభం? ఫోన్ ఇంట్లో ఉంటుంది, లేదా భర్త జేబులో ఉంటుంది. ఇంటిల్లిపాదికీ ఒకటే ఫోనైతే, టీబీ మందులనో గర్భ పరీక్షనో పేరు పెట్టి మెసేజ్ పంపడం ఆమె గుట్టు బయటపెట్టడమే. ‘ఆసుపత్రి నుంచి కబురు ఉంది’ అంటే చాలు. ఆశా కార్యకర్త ఎండలో గుమ్మం ముందు నిలబడి, ఒక చేత్తో రిజిస్టర్ పట్టుకుని, రెండో చేతి బొటనవేలితో టైప్ చేస్తుంది. లేత బూడిద రంగు అక్షరాలు ఆమెకు కనిపించవు. డాక్టరుకు ఆ రోగి గత బీపీ, షుగర్ రీడింగులు ఒక్క చూపులో కనబడాలి. ఇక హైదరాబాద్‌లో ఉన్న కొడుకు: అమ్మ ఒప్పుకున్నంత మేరకే అతనికి చూపాలి. ఎవరు ఏది చూడొచ్చన్నది కోడ్ రాసే ముందే తేల్చాలి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం చదవని డిజైనర్ ఈ రంగంలో నిలవలేడు.

తెలుగు తెర మరో పరీక్ష. ఇంగ్లిష్ కొలతకు గీసిన బటన్‌లో మన వత్తులు తెగిపోతాయి, మాట రెండో లైనుకు జారుతుంది. మొదటి నుంచీ తెలుగులోనే గీసి చూడండి.

చదువుల సంగతికొస్తే, ఇంటర్ తర్వాత డిజైన్ డిగ్రీ బీడెస్ చేయాలనుకుంటే ఆంధ్రప్రదేశ్ ఎన్‌ఐడీకి డాట్, ఐఐటీ హైదరాబాద్‌కు యూసీడ్ ప్రవేశ పరీక్ష రాయాలి. డిగ్రీ అయినవారికి పీజీ కోర్సు ఎండెస్ కోసం సీడ్ పరీక్ష ఉంది. నర్సింగ్, ఫార్మసీ చదివినవారు తమకు సంబంధం లేదనుకోవద్దు. వార్డులో పని ఎలా నడుస్తుందో తెలిసినవారు డిజైన్ జట్టుకు చాలా అవసరం.

డిజైన్ డిగ్రీ ఉన్నా లేకపోయినా మీ పని చూపే పోర్ట్‌ఫోలియో తప్పనిసరి. పది యాప్‌ల అందమైన బొమ్మలకన్నా ఒక్క సమస్య మీద నిజంగా చేసిన పని మేలు. పీహెచ్‌సీ డాక్టరు అనుమతి తీసుకుని ఓపీ దగ్గర గమనించండి. రోగుల పేర్లు రాసుకోవద్దు, రిపోర్టుల ఫొటోలు తీయొద్దు. కాగితం మీద స్క్రీన్లు గీసి ఆశా కార్యకర్త చేతికిచ్చి, ‘బాగుందా అక్కా?’ అనకండి, మొహమాటానికి బాగుందనే అంటుంది. ‘ఈ గర్భిణికి వచ్చే చెకప్ ఎప్పుడో చూసి చెప్పు అక్కా’ అనండి. ఆమె వేలు ఎక్కడ ఆగిందో రాసుకోండి, అక్కడ ఏం మార్చారో పాత స్క్రీన్, కొత్త స్క్రీన్ పక్కపక్కన పెట్టి ఇంటర్వ్యూలో చూపండి.