మూడో పాదం ఎటు పోయింది?

పోయిన సంచికలో ఒక ఉత్పలమాల వేశాం, గుర్తుందా? మూడో పాదంలో యతి తప్పిందని మన గ్రూపులో చాలామంది పట్టేశారు. ఆ తప్పు రాసిన కుర్రాడిది కాదు. రచనలు పంపే పేజీది. ఆ పేజీ బాధ్యత నాది.

సంచిక వచ్చిన రోజు వాడు నా దగ్గరికొచ్చి, "అక్కా, నేను దిద్దాను కదా. పదో అక్షరం దగ్గర కుదరట్లేదని రాత్రి రెండింటిదాకా కూర్చున్నా. సవరణ నమోదైందని కూడా వచ్చింది" అన్నాడు. నేరుగా బాక్సులోనే టైప్ చేశాడట, కాపీ ఉంచుకోలేదు. దిద్దిన పాదం ఏంటో మర్నాటికే సరిగ్గా గుర్తు రాలేదట. డేటాబేస్ తెరిచి చూస్తే పాత పద్యమే ఉంది. కానీ "చివరిగా మార్చిన సమయం" మాత్రం ఆ రాత్రి 2 గంటల 7 నిమిషాలు. అంటే మారిందని పేజీకి తెలుసు. ఏం మారిందో మాత్రం దాచలేదు. ఇదెలా సాధ్యమో అర్థం కావడానికి నాకు రెండు రోజులు పట్టింది. ల్యాబ్‌లో ఇదే టాపిక్ మీద మార్కులు తెచ్చుకున్నదాన్నే, అయినా.

మన పేజీ సీనియర్లు ఏఎస్‌పీ డాట్ నెట్ వెబ్ ఫారమ్స్‌లో కట్టింది. 2002లో వచ్చిన టెక్నాలజీ, కొత్త ప్రాజెక్టులకి ఎవరూ వాడరు. కానీ ప్రభుత్వ వెబ్‌సైట్లలో ఏదైనా అప్లికేషన్ నింపేటప్పుడు అడ్రస్ చివర చూడండి, ఏఎస్‌పీఎక్స్ అని ఇంకా చాలాచోట్ల కనిపిస్తుంది. కాబట్టి సిలబస్‌లో ఎందుకుందని తిట్టుకోవడం నేను మానేశాను.

ఇందులో టెక్స్ట్‌బాక్స్‌కి టెక్స్ట్‌ఛేంజ్‌డ్ అనే ఈవెంట్ ఉంటుంది. పేరు చూసి మనం ఏమనుకుంటాం? యూజర్ అక్షరం మార్చగానే సర్వర్‌కి తెలిసిపోతుందని. నేనూ అదే అనుకున్నా. నిజానికి టైప్ చేస్తున్నంతసేపూ సర్వర్‌కి ఏమీ తెలీదు. పేజీని మన బ్రౌజర్‌కి పంపేసి అది మనల్ని మర్చిపోయింది.

పెద్దాసుపత్రిలో ఓపీ డాక్టరుని ఊహించుకోండి. "పోయిన వారం వచ్చానండీ" అంటే ఆయనకి గుర్తుండదు. చేతిలో చీటీ ఉండాలి. చీటీలో రాసింది ఒకటి, ఇప్పుడు మనం చెప్పేది ఒకటి. రెండూ పోల్చి "ఓహో, జ్వరం తగ్గిందన్నమాట" అంటాడు. వెబ్ ఫారమ్స్‌లో ఆ చీటీ పేరు వ్యూస్టేట్. పేజీ సోర్స్ తెరిస్తే దాచిన ఫీల్డ్‌లో అర్థంకాని అక్షరాల పొడుగాటి దండ ఒకటి కనిపిస్తుంది, అదే. పేజీ పంపేటప్పుడు సర్వర్ పాత విలువని అందులో రాసిస్తుంది. సేవ్ నొక్కినప్పుడు చీటీ, బాక్సులో ఉన్న కొత్త విలువ కలిసి సర్వర్‌కి వెళ్తాయి. రెండూ వేరైతే టెక్స్ట్‌ఛేంజ్‌డ్ మోగుతుంది. అంటే అది మార్పుని చూసినది కాదు, తర్వాత పోల్చి తేల్చినది.

ఇక వరస చూడండి, మన దొంగ ఇక్కడే దొరుకుతాడు. పేజీ తిరిగి సర్వర్‌కి చేరినప్పుడు ముందు వ్యూస్టేట్‌లోంచి పాత విలువ బాక్సులోకి వస్తుంది. తర్వాత పంపిన కొత్త విలువతో పోలిక జరుగుతుంది. తేడా ఉంటే కొత్తది బాక్సులో పెట్టి, "దీనికి ఈవెంట్ మోగించాలి" అని గుర్తు పెట్టుకుంటుంది. వెంటనే మోగించదు. మధ్యలో పేజ్ లోడ్ నడుస్తుంది. అది అయ్యాకే టెక్స్ట్‌ఛేంజ్‌డ్, ఆ తర్వాత సేవ్ బటన్ క్లిక్ ఈవెంట్. (ఒకేసారి రెండు మూడు బాక్సులు మారితే వాటిలో ఏది ముందు మోగుతుందో దాని మీద ఆధారపడి కోడ్ రాయకండి.)

మన పేజ్ లోడ్‌లో ఏముందంటే, డేటాబేస్‌లోంచి పద్యం తెచ్చి బాక్సులో పెట్టే రెండు లైన్లు. మొదటిసారి పేజీ తెరిచినప్పుడు అది కావాల్సిందే. కానీ ఈజ్‌పోస్ట్‌బ్యాక్ కాదేమో చూసే షరతు లేదు. దాంతో సేవ్ నొక్కినప్పుడు కూడా నడిచింది. కుర్రాడి కొత్త పాదం బాక్సులోకి వచ్చింది, తేడా ఉందని గుర్తు పడింది, ఆపైన పేజ్ లోడ్ వచ్చి దాని మీద పాత పద్యం పెట్టేసింది. తర్వాత టెక్స్ట్‌ఛేంజ్‌డ్ మోగింది. సమయం రాసుకుంది, బాక్సులో ఉన్నది సేవ్ చేసింది. ఉన్నది పాతదే. క్లిక్ ఈవెంట్ "సవరణ నమోదైంది" అంటూ ఇంకో పేజీకి పంపేసింది, కాబట్టి బాక్సులో పాత పద్యం మళ్ళీ కనబడే అవకాశం కూడా పోయింది. కొత్త పాదం సర్వర్ దాకా వచ్చి అక్కడే మాయమైంది. ఆ రిక్వెస్ట్ ముగిశాక దాన్ని తిరిగి తెచ్చే దారి లేదు.

షరతు పెట్టడం ఒక్క లైను పని. పెట్టాను. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. ఇకమీద ఎవరి పాదమూ పోకూడదని, సేవ్ నొక్కకపోయినా దాచేలా ఆటోపోస్ట్‌బ్యాక్‌ని ట్రూ చేశాను. ఇప్పుడైనా అక్షరం అక్షరానికీ సర్వర్‌కి వెళ్తుందనుకున్నా. వెళ్ళదు. అది బ్రౌజర్‌లోని ఛేంజ్ ఈవెంట్‌ని పట్టుకుంటుంది, ఆ ఈవెంట్ బాక్సు వదిలి బయటికి వచ్చినప్పుడే వస్తుంది. ఒక లైను బాక్సులో అయితే ఎంటర్ కొట్టినా వస్తుంది. పద్యం రాసే పెద్ద బాక్సులో ఎంటర్ అంటే కొత్త లైనే. గంటసేపు బాక్సులోనే కూర్చుని యతులు వెతుక్కునేవాడికి దీనివల్ల పైసా ఉపయోగం లేదు. బయటికి వచ్చాక మాత్రం పేజీ మొత్తం మళ్ళీ లోడై, కర్సర్ ఎక్కడుందో వెతుక్కోవాలి. పైగా రాసి నేరుగా సేవ్ నొక్కితే, బాక్సు వదిలినందుకు ఒక ప్రయాణం మొదలై క్లిక్ ఒక్కోసారి గాల్లో కలిసిపోయేది. "రెండుసార్లు నొక్కాలా అక్కా?" అని ఇద్దరు అడిగారు. అప్‌డేట్‌ప్యానెల్‌లో పెడితే పేజీ మెరవడం తగ్గుతుంది గానీ, సర్వర్‌లో పైన చెప్పిన వరసంతా మళ్ళీ నడవాల్సిందే. తీసేశాను.

చీటీ బరువుగా ఉందని ఆ బాక్సుకి వ్యూస్టేట్ కూడా ఆపి చూశాను, అది ఇంకో తెలివి. పోల్చడానికి పాత విలువ లేక, పద్యం ముట్టుకోకపోయినా ప్రతిసారీ "మారింది" అంటుంది. చీటీ తెచ్చుకోని పేషెంట్‌ని డాక్టరు ప్రతిసారీ కొత్తవాడే అనుకున్నట్టు. మళ్ళీ ఆన్ చేశాను.

అయినా కొన్ని పాత పద్యాలు, శీర్షిక మాత్రమే దిద్దినా, "మారింది" అంటూనే ఉన్నాయి. ఇది మాత్రం నాకు భలే నచ్చిన బగ్. అవన్నీ టెక్స్ట్ ఫైల్ నుంచి ఎక్కించినవి. వాటిలో లైను చివర ఒకే గుర్తు ఉంది, లైన్‌ఫీడ్. బ్రౌజర్ ఫారమ్ పంపేటప్పుడు పెద్ద బాక్సులోని ప్రతి లైను విరుపునీ క్యారేజ్ రిటర్న్, లైన్‌ఫీడ్ అనే రెండు గుర్తులుగా మార్చి పంపుతుంది. పోలిక అక్షరానికి అక్షరం జరుగుతుంది కదా, నాలుగు పాదాల పద్యంలో మూడు విరుపులు, మూడు చోట్లా తేడా. చదివేవాడికి ఒకటే పద్యం, సర్వర్‌కి రెండు. బాక్సులో పెట్టే ముందు అన్నిటినీ ఒకే రకం విరుపుకి మార్చాక ఆ గోల తగ్గింది.

చివరికి డ్రాఫ్ట్ దాచే పనిని సర్వర్‌కి వదల్లేదు. బ్రౌజర్‌లో ఇన్‌పుట్ అనే ఈవెంట్ వేరే ఉంది, బాక్సులో అక్షరం మారిన ప్రతిసారీ వస్తుంది. అది వచ్చినప్పుడల్లా టైమర్ మొదట్నుంచి మొదలవుతుంది. రెండు సెకన్లు చెయ్యి ఆగితే, ఉన్నది ఆ ఫోన్‌లోనే లోకల్ స్టోరేజ్‌లో దాస్తుంది. ఆగకుండా దాచొచ్చు గానీ, ఇంగ్లీష్ అక్షరాలు కొట్టి తెలుగు తెప్పించే కీబోర్డుల్లో మాట పూర్తయ్యేలోపు సగం సగం రూపాలు వస్తుంటాయి, అవి దాచి లాభం లేదు.

కుర్రాడు మూడో పాదం మళ్ళీ రాశాడు, ఈ సంచికలో దిద్దిన పద్యం ఉంది. యతి కుదిరింది. పోయిన పాదమే ఇంకా బాగుందంటాడు. నేను కాదనలేను.

రచన పంపేవాళ్ళకి ఒక్క మాట. ఇప్పుడు బాక్సు కింద "డ్రాఫ్ట్ ఈ ఫోన్‌లో ఉంది" అని చిన్నగా కనిపిస్తుంది. సేవ్ నొక్కాక, సర్వర్‌లో చేరిన పద్యమే మొత్తం మీకు మళ్ళీ చూపిస్తుంది. అందులో మీరు దిద్దినది కనబడకపోతే ఆ ట్యాబ్ మూయకుండా నాకు మెసేజ్ పెట్టండి, రాత్రి రెండైనా సరే.